తప్పు రికర్షన్‌ది కాదు: నెస్టెడ్ లిస్ట్‌ను ట్రీగా మార్చడంలో అపోహలు - వాస్తవాలు

నల్గొండలో డిగ్రీ, బీటెక్ పిల్లలకు పైథాన్ చెబుతుంటాను. నెస్టెడ్ లిస్ట్‌ను (లిస్ట్‌లో లిస్ట్) ట్రీగా, అంటే కొమ్మల్లా విడిపోయే నిర్మాణంగా, మార్చే ఎక్సర్‌సైజ్ వచ్చిందంటే ప్రతి బ్యాచ్‌లోనూ రికర్షన్ ఎర్రర్ వస్తుంది. రికర్షన్ అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం, ఆ పిలుపులు లిమిట్ దాటితే ఈ ఎర్రర్. వెంటనే ఎవరో సీనియర్ "లిమిట్ పెంచు, అయిపోతుంది" అంటాడు. దయచేసి ఈ మాట నమ్మకండి.

అపోహ: డేటా పెద్దది, రికర్షన్ లిమిట్ చాలడం లేదు.

వాస్తవం: పైథాన్‌లో ఆ లిమిట్ మామూలుగా 1000 పిలుపులు. మీ డేటా లోతెంత? జిల్లా, డివిజన్, మండలం, ఊరు. అంతే. ఉమ్మడి నల్గొండ ఊళ్లన్నీ ఎక్కించినా పెరిగేది వెడల్పే, లోతు కాదు. ఇంత చిన్న లోతుకు 1000 దాటిందంటే కోడ్ ఎక్కడో ఒకే చోట తిరుగుతోందన్నమాట.

ఎక్కువసార్లు ఆ తప్పు నోడ్ క్లాస్ ఇనిట్‌లోనే దొరుకుతుంది. నోడ్ అంటే ట్రీలో ఒక్కో అంశం, ఇనిట్ (__init__) అంటే నోడ్ తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్. చిల్డ్రన్‌కు (ఆ నోడ్ కింద ఉండే నోడ్‌లకు) డిఫాల్ట్‌గా ఖాళీ లిస్ట్ పెడతారు, ప్రతి నోడ్‌కూ కొత్తది వస్తుందనుకుంటారు. రాదు. ఆ లిస్ట్ ఫంక్షన్ డిఫైన్ అయినప్పుడు ఒక్కసారే తయారవుతుంది. చిల్డ్రన్ ఇవ్వకుండా చేసిన నోడ్‌లన్నీ దాన్నే పంచుకుంటాయి. నల్గొండ నోడ్‌కు మిర్యాలగూడను అపెండ్ చేశారనుకోండి. మిర్యాలగూడ లిస్ట్ కూడా అదే కాబట్టి మిర్యాలగూడ కింద మిర్యాలగూడ, దాని కింద మళ్లీ మిర్యాలగూడ. ప్రింట్ చేయబోతే అంతుండదు. రెండు నోడ్‌ల చిల్డ్రన్‌ను 'ఈజ్' (is)తో పోల్చి చూడండి, ట్రూ వస్తే తప్పు దొరికినట్టే.

డిఫాల్ట్‌గా నన్ (None) పెట్టి, లోపల నన్ అయితే కొత్త లిస్ట్ ఇవ్వండి. డేటాక్లాస్ (ఇనిట్‌ను పైథానే రాసిపెట్టే క్లాస్) అయితే డిఫాల్ట్ ఫ్యాక్టరీ (default_factory) వాడండి, అది ప్రతి నోడ్‌కూ కొత్త లిస్ట్ ఇస్తుంది. అక్కడ నేరుగా ఖాళీ లిస్ట్ పెడితే పైథానే వాల్యూ ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. మామూలు క్లాస్‌లో ఏమీ అనదు, అందుకే ఇంతమంది చిక్కుకుంటున్నారు.

దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి ప్రాజెక్ట్ సబ్మిషన్ ముందు రాత్రి ఫోన్ చేసింది. ఎవరో చెబితే లిమిట్‌ను లక్షకు పెంచింది, ఇప్పుడు ఎర్రర్ కూడా చూపకుండా ప్రోగ్రామ్ ఆగిపోతోంది. "సార్, నాకు రికర్షన్ రాదేమో, ఈ లైన్‌కే పనికిరానేమో" అంటూ ఏడుపు గొంతు. కోడ్ పంపమన్నాను. రికర్షన్ చక్కగా రాసింది, బేస్ కేస్ (రికర్షన్ ఆగే చోటు) కూడా సరిగ్గానే ఉంది. తప్పంతా ఆ ఇనిట్ లైన్‌లోనే. లిమిట్ పెంచినంత మాత్రాన ఆ పిలుపులకు వాడే స్టాక్ మెమరీ పెరగదు, అందుకే ప్రోగ్రామ్ కూలింది. ఎంత టెన్షన్ పడింది పాపం, ఎవరో తెలియకుండా చెప్పిన మాటకు!

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్ట్రింగ్‌ను కూడా లిస్ట్‌లాగే తిప్పితే సరిపోతుందనుకోవద్దు: ఒక్క అక్షరాన్ని విడదీసినా మళ్లీ అదే అక్షరం వస్తుంది, అక్కడా ఇదే ఎర్రర్. ముందు ఇజ్‌ఇన్‌స్టెన్స్‌ (isinstance)తో లిస్టా కాదా చూడండి. కాపీ చేస్తే లోపలి లిస్ట్‌లు కూడా కాపీ అవుతాయన్నది తప్పు, దానికి డీప్‌కాపీ కావాలి. ట్రీకి ప్రత్యేకంగా లైబ్రరీ అక్కర్లేదు, చిన్న క్లాస్ చాలు.

ట్రీని తిరిగి లిస్ట్‌గా మార్చలేమంటారు కొందరు. మార్చవచ్చు. కాకపోతే ప్రతి లిస్ట్‌లో మొదటిది పేరు, మిగతావి చిల్డ్రన్ అని ముందే ఒక పద్ధతి పెట్టుకోవాలి. లిస్ట్‌ను ట్రీ చేసి, మళ్లీ లిస్ట్ చేసి, మొదటిదానితో పోల్చండి. ఈ పరీక్షకు చిల్డ్రన్ లేని మండలం ఒకటి, ఒకే డివిజన్ కింద రెండు మండలాలు తప్పకుండా పెట్టండి.