ధ్యాస లేక కాదు, మళ్ళించుకోలేక

"వీడికి దేనిమీదా ధ్యాస ఉండదండీ." ఆటిజం ఉన్న పిల్లల గురించి ఈ మాట తరచూ వినిపిస్తుంది. అదే పిల్లాడు బొమ్మ కారును తిరగేసి, చక్రం తిప్పుకుంటూ అరగంట కదలకుండా కూర్చుంటాడు, నాలుగుసార్లు పేరు పెట్టి పిలిచినా తల తిప్పడు. ధ్యాసే లేకపోతే అంతసేపు ఎలా కూర్చోగలిగాడు? ధ్యాస ఉంది, బోలెడంత ఉంది, కాకపోతే అది ఒకచోట కుదురుకున్నాక అక్కడి నుంచి మళ్ళించుకోవడం వాడికి కష్టం. ఈ సంగతి తెలియక పెద్దవాళ్ళు ఎంతమంది పిల్లల్ని తిడుతున్నారో తలచుకుంటే బాధేస్తుంది. (పిలిస్తే పలకడం లేదంటే వినికిడి పరీక్ష మాత్రం ముందే చేయించాలి, అది వదిలేయకండి.)

దీనిమీద 2004లో లాండ్రీ, బ్రైసన్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. తెర మధ్యలో ఒక బొమ్మ కనిపిస్తుంది, తర్వాత పక్కన ఇంకొకటి వస్తుంది. మధ్యలోది మాయమయ్యాక పక్కది వస్తే పిల్లల చూపు పెద్ద ఇబ్బంది లేకుండా అటు వెళ్ళింది. మధ్యలోది అలాగే ఉండగా పక్కది వచ్చినప్పుడు మాత్రం, ఆటిజం ఉన్న పిల్లల చూపు మొదటిదాన్ని వదిలి రావడానికి ఎక్కువ సేపు పట్టింది, కొన్నిసార్లు అసలు రాలేదు. తర్వాత చేసిన ప్రయోగాలన్నిటిలో ఈ తేడా ఇంత స్పష్టంగా కనబడలేదు, పిల్లలందరూ ఒకేలా ఉండరు కదా. 2005లో డైనా మర్రే, ఆమె సహచరులు 'మోనోట్రోపిజం' పేరుతో ఇదే విషయాన్ని ఇంకా విస్తరించి చెప్పారు. చాలామందిలో ధ్యాస నాలుగు కాలవల్లో పలచగా పారితే, ఆటిజం ఉన్నవాళ్ళలో ఒకే కాలవలో ఉరవడిగా పారుతుందని అనుకోండి.

ఆ కాలవకు ఉన్నట్టుండి అడ్డుకట్ట వేస్తే ఏమవుతుంది? ఆట మధ్యలో బొమ్మ లాక్కుని "పద పద, స్నానానికి" అంటే పిల్లాడు నేలమీద పడి అరుస్తాడు, మనం దానికి మొండితనం అని పేరు పెడతాం. అప్పుడు వాడి ధ్యాస ఇంకా చక్రం దగ్గరే ఉంది, ఒంటిని మాత్రం మనం లాక్కొచ్చాం. దూరం నుంచి కేకేసే బదులు పిల్లాడి ఎదుటికి వెళ్ళి, వాడు చూసేదాన్ని మనమూ కాసేపు చూసి, "ఇంకో ఐదుసార్లు తిప్పి ఆపేద్దాం" అని లెక్కపెట్టడం, లేదా తర్వాత ఏం జరగబోతోందో చిత్రాల్లో చూపించడం చాలామంది పిల్లలకు పనిచేస్తుంది. అయితే మితిమీరిన చప్పుడు, వెలుతురు తట్టుకోలేక కూడా పిల్లలు అలా అరవొచ్చు, అప్పుడు లెక్కపెడుతూ కూర్చోకుండా అక్కడి నుంచి తీసుకెళ్ళాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ధ్యాసను పంచుకోవడం. ఏడాది వయసు అటూ ఇటూ పిల్లలు వేలితో చూపిస్తారు. "అది ఇవ్వు" అని చూపించడం ఒకటి, "అదిగో చూడు!" అని తన సంతోషాన్ని మనతో పంచుకోవడానికి చూపించడం ఇంకొకటి. ఆటిజం ఉన్న పిల్లల్లో రెండోది తక్కువగా, ఆలస్యంగా కనిపిస్తుంది. మాటలు నేర్చుకోవడానికీ దీనికీ దగ్గర సంబంధం ఉంది, ఎందుకంటే మీరు "పిట్ట" అన్నప్పుడు పిల్లాడి చూపు కూడా పిట్ట మీదే ఉంటే ఆ మాట దానికి సులువుగా అతుక్కుంటుంది. కోనీ కసారి బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో 3, 4 ఏళ్ళ పిల్లలకు దీన్నే ఆటల్లో నేర్పిస్తే మెరుగుదల కనబడింది. పిల్లాడి చూపును మనవైపు లాగడం కన్నా, వాడి చూపు ఎక్కడుందో అక్కడికి మనం వెళ్ళి మాట కలపడం సులువు. వాడు చక్రం తిప్పుతుంటే "గిర్రున తిరుగుతోంది" అనండి, చాలు.

"నా కళ్ళలోకి చూడు" అని గడ్డం పట్టుకుని తిప్పడం మాత్రం దయచేసి ఆపండి. కళ్ళలోకి చూస్తే మాట వినడం కష్టమవుతుందని ఆటిజం ఉన్న పెద్దవాళ్ళే చాలామంది చెప్పారు. కిటికీ వైపు చూస్తున్న పిల్లాడు మీ మాట మొత్తం వింటూ ఉండొచ్చు.