మీ పిల్లాడి ‘టాప్ ఫైవ్’ ఎక్కడి నుంచి వచ్చింది?

మొన్న మా పక్కింటివాళ్లు పదో తరగతి చదివే అబ్బాయిని వెంటబెట్టుకుని, వాడి ప్రతిభ పరీక్ష రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టారు. రంగుల ప్రింటు, మొదటి పేజీలో ఐదు ‘బలాలు’ వరసగా. ఇంటర్‌లో ఎంపీసీ ఇప్పించాలా వద్దా అన్నది వాళ్ల టెన్షన్, ఆ ఐదు మాటల్లో జవాబు దొరుకుతుందని ఆశ. మేం మాట్లాడుకుంటున్నంతసేపూ వాడు సోఫా చివర కూర్చుని, మా ఇంట్లో ఆర్నెల్లుగా వెలగని టార్చిలైటు విప్పి స్ప్రింగుకి పట్టిన తుప్పు గోటితో గీకుతున్నాడు.

ఇలాంటి రిపోర్టులు ఎలా పుట్టాయో తెలిస్తే వాటిని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది, అందుకే ఇది రాస్తున్నాను.

తెలివిని కొలిచే మొదటి పరీక్ష చాలా మంచి ఉద్దేశంతో వచ్చింది. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ కలిసి తయారుచేశారు, బడిలో వెనకబడుతున్న పిల్లల్ని గుర్తించి వాళ్లకి విడిగా సాయం చేయడానికి. తెలివి పుట్టుకతోనే ఖాయమైపోతుంది, ఇక పెరగదు అనేవాళ్లతో బినే గట్టిగా విభేదించాడు. 1908లోనే ఆ పరీక్ష అమెరికా చేరింది, 1911లో ఆయన పోయాడు, 1916లో స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ దాన్ని మార్చి రాశాడు, మరుసటి ఏడాది నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లే సైనికుల్ని ఇలాంటి పరీక్షలతోనే వడపోశారు, దాదాపు 17 లక్షల మందిని. చేయూత కోసం పుట్టింది జల్లెడ అయిపోయింది. నన్ను అన్నిటికంటే బాధపెట్టే మలుపు ఇదే.

ఇప్పుడు మనం వాడే ‘బలాలు’ అన్న మాటకి మూలం డొనాల్డ్ క్లిఫ్టన్. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల్లో నావిగేటర్‌గా పనిచేసి వచ్చి, అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో సైకాలజీలో పడ్డాడు. మనిషిలో ఏం లోపం ఉందో చెప్పే పుస్తకాలు అన్ని ఉన్నాయి కదా, ఏం బాగుందో ఎవరూ ఎందుకు చూడట్లేదు అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నంటే నాకు చాలా గౌరవం. నెబ్రాస్కాలో పిల్లలకి వేగంగా చదవడం నేర్పిన ఒక అధ్యయనం గురించి ఆయన చెప్పేవాడు: నిమిషానికి 90 పదాలు చదివేవాళ్లు శిక్షణ తర్వాత 150కి చేరితే, మొదటే 350 చదివేవాళ్లు ఏకంగా 2,900కి వెళ్లారట. అర్థం చేసుకుంటూ నిమిషానికి 2,900 పదాలంటే నాకు నమ్మబుద్ధి కాదు. కానీ ప్రతిభ ఉన్నచోట నీళ్లు పోస్తే ఎక్కువ పెరుగుతుందన్న ఆలోచన అక్కడే బలపడింది.

క్లిఫ్టన్ 1969లో పెట్టిన కంపెనీ పని ఉద్యోగాలకి మనుషుల్ని ఎంపిక చేయడం. ఆ కంపెనీ 1988లో ప్రజాభిప్రాయ సర్వేలు చేసే గాలప్‌ని కొనేసింది, 1990ల చివర్లో ఆన్‌లైన్ పరీక్ష తయారైంది: ఇప్పుడు అందులో 177 జతల వాక్యాలు, ఒక్కోదానికి 20 సెకన్లు, చివరికి 34 లక్షణాల్లోంచి మీ మొదటి ఐదు. అయితే వాళ్లే చెప్పిన సూత్రం ఒకటుంది, ప్రతిభని పెట్టుబడితో గుణిస్తేనే బలం అని. పెట్టుబడి అంటే ఫీజు కాదు, సాధన, నేర్చుకోవడం, దానికిచ్చే సమయం. గుణకారం కాబట్టి రెండోది సున్నా అయితే మొత్తం సున్నానే. మన దగ్గరికి వచ్చేసరికి మొదటి సగమే మిగిలింది, వేలిముద్రలు చూసి పిల్లల ప్రతిభ చెప్తామని డబ్బులు గుంజేవాళ్లు కూడా తయారయ్యారు, దానికి శాస్త్రీయ ఆధారం ఏమీ లేదు, దయచేసి ఆ ఖర్చు పెట్టకండి.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనకో సామెత ఉంది కదా. హంగరీలో లాస్లో పోల్గార్ దీన్ని అసలు ఒప్పుకోలేదు, మేధావులు పుట్టరు, తయారవుతారని చెప్పి ముగ్గురు కూతుళ్లకీ ఇంట్లోనే చదరంగం నేర్పాడు. చిన్నమ్మాయి జుడిత్ 1991లో 15 ఏళ్ల 4 నెలలకి గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆడపిల్లల్లో ఆ రికార్డుని 2002లో మూడు నెలల తేడాతో దాటింది మన కోనేరు హంపి. ఇక్కడ కథ అటునుంచి మొదలైంది: నాన్న అశోక్ ఆడుతుంటే పక్కన కూర్చున్న చిన్నపిల్ల ఎత్తు చెప్పింది, ఆయన అది గమనించి నేర్పడం మొదలుపెట్టి, తర్వాత లెక్చరర్ ఉద్యోగం కూడా వదిలేశాడు. ఒకాయన సాధనని నమ్మి మొదలుపెట్టాడు, ఇంకొకాయన పిల్లలో ఏదో చూసి మొదలుపెట్టాడు, రెండిళ్లలోనూ ఏళ్ల తరబడి రోజూ బల్ల ముందు కూర్చోవడం మాత్రం ఒకటే. పాప కోసం రెండేళ్లు ఆటకి దూరంగా ఉన్న హంపి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది, 2024లో మళ్లీ గెలిచింది.

రిపోర్టు పక్కనపెట్టి పక్కింటివాళ్లని ఒకటే అడిగాను, వారంలో వాడికి సొంతంగా ఎన్ని గంటలున్నాయని. పొద్దున ఆరున్నరకి వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తాడట, ఆదివారం వీక్లీ టెస్టట. ఈలోగా టార్చి వెలిగింది. మా వీధి చివర మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే ఆయన ఉన్నారు, ఆదివారం సాయంత్రం ఒక రెండు గంటలు అక్కడ కూర్చోనివ్వండి, నేను మాట్లాడతాను అన్నాను. ఆలోచించి చెప్తామన్నారు.