అపోహలు - వాస్తవాలు: ట్యూనర్‌లో పచ్చ లైటు వెలిగితే శ్రుతి కుదిరినట్టేనా?

విజయవాడ సత్యనారాయణపురంలో చాలా ఏళ్లుగా వీణ, వయొలిన్ నేర్పుతున్నాను. ఇప్పుడు పాఠానికి వచ్చే పిల్లల్లో సగం మంది వీణకు క్లిప్ ట్యూనర్ (స్వరం సరిగ్గా ఉంటే పచ్చ లైటు వెలిగించే చిన్న పరికరం) తగిలించుకునే వస్తున్నారు, మిగతావాళ్ల ఫోన్లో యాప్ ఉంటుంది. అది మంచిదే. కానీ దాని చుట్టూ అల్లుకున్న కొన్ని నమ్మకాల వల్ల పిల్లల చెవి ఎదగకుండా ఆగిపోతోంది, అది చూస్తుంటే బాధేస్తుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: పచ్చ లైటు వెలిగితే శ్రుతి కుదిరినట్టే.

కాదు. ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మామూలు ట్యూనర్లన్నీ కీబోర్డు లెక్కతో పనిచేస్తాయి. ఒక స్థాయిని, అంటే సా నుంచి పై సా దాకా ఉన్న దూరాన్ని, 12 సమాన భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తారు (పొలం కొలిచే సెంట్లు వేరు, ఇవి స్వరాల మధ్య దూరానికి కొలత). ఆ లెక్కలో సా నుంచి పా దాకా సరిగ్గా 700 సెంట్లు. కానీ చెవికి నిండుగా వినిపించే పంచమం, అంటే సా తో 3:2 నిష్పత్తిలో ఉండేది, 702 దగ్గర ఉంటుంది. రెండు సెంట్లే కదా అంటారు, నిజమే, విడివిడిగా మీటితే ఆ తేడా నాకూ దొరకదు. ఒకటో శ్రుతిలో సా ని 261.6 హెర్ట్జ్ (సెకనుకు తీగ అదిరే లెక్క) దగ్గర పెట్టి, పా ని ట్యూనర్ చెప్పిన 392 దగ్గర పెట్టి, రెండు తీగలూ కలిపి మోగించి చూడండి. నాదం సెకనుకు దాదాపు ఒక అల చొప్పున మెల్లగా ఊగుతుంది. సా తీగలో మూడు రెట్ల దగ్గర మోగే ఉపస్వరం (అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరం) 785 హెర్ట్జ్ దగ్గర, పా తీగలో రెండు రెట్ల దగ్గర మోగేది 784 దగ్గర ఉండి, ఒకదానిలో ఒకటి కలవకపోవడమే ఆ ఊగుకి కారణం. ఇప్పుడు పా ని వెంట్రుకవాసి పెంచండి. ఊగు నెమ్మదించి, ఆగి, రెండు తీగలూ ఒక్కటైపోతాయి. ట్యూనర్ ఒక్కో తీగను విడిగా కొలుస్తుంది, చెవి రెండు తీగల మధ్య సంబంధాన్ని వింటుంది. శ్రుతి అనేది ఆ సంబంధంలోనే ఉంది.

గాంధారం దగ్గర తేడా ఇంకా పెద్దది. తంబూరాలో మంద్ర షడ్జమం (కింది సా) తీగ బాగా కుదిరిన రోజున లోపల్నుంచి అంతర గాంధారం తనంతట తానే పలుకుతుంది, స్వయంభూ గాంధారం అంటాం. అది 386 సెంట్ల దగ్గర ఉంటుంది. ట్యూనర్ చెప్పేది 400. అంటే 14 సెంట్లు పైన.

వీణకు మరో చిక్కుంది. 24 మెట్లూ మైనం మీద కూర్చుని ఉంటాయి. మన బెజవాడ మే నెల ఎండకి మైనం మెత్తబడి మెట్టు కొంచెం జరిగినా, ఉత్త తీగ (ఏ మెట్టూ నొక్కకుండా) మీటితే మాత్రం పచ్చ లైటే వెలుగుతుంది. అందుకే పంచమం తీగను అయిదో మెట్టు మీద నొక్కి మీటి, సారణి (సా పలికే మొదటి తీగ) ఉత్త తీగతో కలుస్తోందో లేదో వినమంటాను. కలవకపోతే తీగ బిగించే బిరడ తిప్పడం కాదు, మేళం కట్టించాలి, అంటే మైనం మీద మెట్లను మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టించాలి.

ఒక దసరాకి మా దగ్గర నేర్చుకునే అమ్మాయి ఒకతి కచేరీకి కూర్చుంది. తీగలన్నీ పచ్చగానే ఉన్నాయి, తంబూరా యాప్‌తో మాత్రం ఎంతకీ కలవలేదు. పాపం, చేతులు వణికిపోయాయి. చూస్తే ఏదో బటన్ నొక్కుకుపోయి, ట్యూనర్ తన లెక్కంతటికీ ఆధారంగా పెట్టుకునే స్వరం (కీబోర్డులో A) 440 హెర్ట్జ్ నుంచి 442కి మారింది. అంటే వీణ మొత్తం దాదాపు 8 సెంట్లు పైన ఉంది! ఆ పిల్ల చెవి తేడా పట్టేసింది కూడా, కానీ తన చెవి కన్నా లైటునే ఎక్కువ నమ్మింది.

అపోహ: 440 ప్రకృతి ఇచ్చిన అంకె, కాదు 432 అసలైనది.

రెండూ కాదు. 440 అందరూ కలిసి వాయించుకోవడానికి మనుషులు పెట్టుకున్న ఒప్పందం. ఫ్రాన్స్‌లో 1859లో 435 అని నిర్ణయించారు. మన సంగీతంలో సా ని గొంతుకు అనువైన చోట పెట్టుకుంటాం, కాబట్టి ఈ వాదన మనకి అక్కర్లేదు.

అపోహ: చెవితో శ్రుతి చేయడం పుట్టుకతో రావాలి.

మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా అనే మాట ఇదే, "మా వాడికి ఆ జ్ఞానం లేదండీ" అని వాడి ముందే అనేస్తారు. దయచేసి అలా అనకండి. వినగానే ఇది ఫలానా స్వరం అని పేరు చెప్పగలిగే శక్తి కొద్దిమందికే ఉంటుంది, మనకది అవసరం లేదు. తంబూరా పెట్టుకుని, తీగను కావాలని కొంచెం దించి, కింద నుంచి మెల్లగా పెంచుతూ అలలు ఎక్కడ ఆగుతాయో వినాలి. రోజుకు పది నిమిషాలు చాలు. మొదట్లో అలలు వినపడవు, కంగారు పడొద్దు. గట్టిగా మీటితే మొదట్లో స్వరం కాస్త పైకి పోతుంది కాబట్టి మెత్తగా మీటండి.

అపోహ: అసలైన విద్వాంసులు ట్యూనర్ ముట్టుకోరు.

ఇదీ తప్పే. పందిట్లో మైకులు మోగుతూ, పక్కన డప్పులు కొడుతుంటే తంబూరా ఎలా వినపడుతుంది? క్లిప్ ట్యూనర్ గాలిలోని శబ్దాన్ని కాక చెక్క అదురును పట్టుకుంటుంది, కాబట్టి అక్కడ అదే దిక్కు. తీగ తెగి కొత్తది వేసినప్పుడు కూడా త్వరగా దగ్గరికి తెస్తుంది. నేనూ వాడతాను: సా కి మాత్రం ట్యూనర్, మిగతావన్నీ ఆ సా ని వింటూ చెవితోనే.

అపోహ: మృదంగానికి యాప్ చాలు.

కుడివైపు ఎక్కడ కొట్టామన్నదాన్ని బట్టి యాప్ అంకె మారిపోతుంది. ఆ మధ్యలోని నల్లటి పూత వల్లే మృదంగం ఉపస్వరాలు తీగవాద్యం లాగా ఒక క్రమంలో వస్తాయని సి.వి. రామన్ 1920లోనే రాశారు. అంచు చుట్టూ అన్నిచోట్లా ఒకే నాదం వచ్చేదాకా కొట్టి, విని, సరిచేయడమే పని.

అపోహ: ఇంట్లో శ్రుతి చేసుకుని వెళ్తే సరిపోతుంది.

వేడికి ఉక్కు తీగ సాగి స్వరం దిగుతుంది, ఏసీ హాల్లో బిగుసుకుని పైకి పోతుంది. చెక్క కూడా తేమకి మారుతుంది. వేదికెక్కాక పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, రెండో పాట తర్వాత ఇంకోసారి.

కొత్తగా ట్యూనర్ కొనేవాళ్లు గిటార్‌కి మాత్రమే పనికొచ్చేది కాక 12 స్వరాలూ చూపించేది తీసుకోండి, తెచ్చిన రోజే 440 మీద ఉందో లేదో చూసుకోండి.