ఫోన్ చార్జింగ్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నా రిపేరు కౌంటరు మీదికి బ్యాటరీ దిగిపోతోందని వచ్చే ఫోన్లు రోజూ ఉంటాయి. వాటితో పాటు వచ్చే మాటలూ ఏళ్లుగా అవే.

అపోహ: "జీరో అయినంకనే చార్జింగ్ పెట్టాలె."

వాస్తవం: ఇది పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటి అలవాటు. ఇప్పటి ఫోన్లలో ఉండేది లిథియం-అయాన్, 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన రకం. పూర్తిగా ఖాళీ చేస్తేనే దీనికి చేటు. సగం సగం రెండుసార్లు ఎక్కిస్తే లెక్కకు ఒక్క సైకిలే, అంటే ఒక్కసారి పూర్తిగా దించి ఎక్కించినట్టే. 20, 80 శాతం మధ్య తిప్పుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. శాతం తప్పుగా చూపిస్తుంటే ఒకసారి పూర్తిగా దించి ఎక్కించండి, చూపించే లెక్క సరిపడొచ్చు. పోయిన కెపాసిటీ మాత్రం తిరిగి రాదు.

అపోహ: "రాత్రంతా పెడితే పేలుతది."

వాస్తవం: నిండగానే ఫోన్లోని సర్క్యూటే చార్జింగ్ ఆపుతుంది. కాకపోతే గంటల తరబడి 100 దగ్గరే ఉంటే బ్యాటరీ త్వరగా అరుగుతుంది. సెట్టింగ్స్‌లో 80 దగ్గర ఆపే ఆప్షన్ ఉంటే ఆన్ చేసుకోండి. దిండు కింద పెట్టి మాత్రం పడుకోకండి, వేడి బయటికి పోయే దారి ఉండదు.

ఆ వేడి గురించే నా బాధంతా. మేలో 43, 44 డిగ్రీలు మనకు మామూలే. మొన్నటి ఎండాకాలం ఒక ఆటో అన్న ఫోన్ తెచ్చాడు. ముందు అద్దం దగ్గర స్టాండులో, ఎదురెండలో, మ్యాప్ నడుస్తూ, చార్జర్ పెట్టి పొద్దంతా. ఫోన్ కొని ఏడాది కూడా కాలేదు. వెనక మూత ఒక పక్క గోరు దూరేంత లేచింది. విప్పితే బ్యాటరీ పూరీలా పొంగి ఉంది, లోపల గ్యాస్ తయారై. "చార్జింగ్ ఎక్కువ పెట్టిన్నా?" అన్నాడు. "ఎండల పెట్టినవ్ అన్నా" అన్నాను. ఇలా ఉబ్బినదాన్ని నొక్కొద్దు, పొడవొద్దు, మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు.

ఇన్వర్టరుకు మాత్రం ఈ 80 శాతం లెక్క వాడకండి. ఇళ్లల్లో ఎక్కువగా ఉండేది లెడ్-యాసిడ్ బ్యాటరీ, దానికి నిండుగా ఉండటమే మంచిది. ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. అందులో డిస్టిల్డ్ వాటరే పోయండి, నల్లా నీళ్లు వద్దు.