కారు డోర్ బీడింగ్: మా షెడ్డులో రోజూ వినే అపోహలు

వానలు మొదలయ్యాయంటే ఫోన్లో ఒకటే మాట: "కింద మ్యాట్ తడిసిపోతోంది, బీడింగ్ మార్చాలి." తలుపు చుట్టూ ఉండే నల్ల రబ్బరునే బీడింగ్ అంటాం. మార్చడం నాకు పనే, డబ్బులే. కానీ మార్చినా మ్యాట్ తడిస్తే తిట్లు కూడా నాకే.

అపోహ: లోపలికి నీళ్లొస్తున్నాయంటే బీడింగ్ పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు కాదు. అద్దం మీద పడ్డ వాన నీళ్లలో కొన్ని ఎలాగూ తలుపు లోపలికి దిగుతాయి. తలుపు అడుగున సన్నటి రంధ్రాలు పెట్టేది ఆ నీళ్లు పోవడానికే. మట్టి పట్టి అవి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి, బ్రేకు వేసినప్పుడు గలగలమంటాయి. తలుపుకు లోపలివైపు బిగించే పలకను డోర్ ప్యాడ్ అంటాం. దాని వెనక, నీళ్లు సీటు వైపు రాకుండా, నల్ల జిగురుతో అతికించిన ఒక షీట్ ఉంటుంది. ఒకాయన వేరేచోట రెండుసార్లు బీడింగ్ మార్పించుకుని మా దగ్గరికొచ్చారు. ప్యాడ్ విప్పితే ఆ షీట్ ఒక మూల వేలాడుతోంది. స్పీకర్లు బిగించినవాళ్లు వైరు కోసం బ్లేడుతో కోసి అలాగే వదిలేశారు. బ్యూటైల్ అనే జిగట రబ్బరు టేపుతో అతికించి, పావుగంట పైపుతో నీళ్లు కొట్టాం. లోపల చుక్క లేదు.

వాన లేని రోజు కూడా ఎడమ సీటు ముందు తడిగా ఉంటే ఏసీ నీళ్ల పైపు చూడండి. అందులో మట్టి పేరుకుని ఉండొచ్చు.

బీడింగ్ మీదే అనుమానముంటే పాత పది రూపాయల నోటు చాలు. తలుపు సందులో పెట్టి మూసి, మెల్లగా లాగండి. జానెడుకోసారి అలా చుట్టూ చూడండి. పట్టు ఉండాలి. ఒక్క వెనక అంచులోనే నోటు జారి వస్తోందంటే రబ్బరు కన్నా ముందు తలుపు లాక్ పట్టుకునే కొక్కెం, అంటే స్ట్రైకర్, సరిచేయాలి.

అపోహ: మీటరు లెక్కన అమ్మే రబ్బరు ఏదైనా ఒకటే.

వాస్తవం: బీడింగ్ ఎక్కించే రేకు అంచు మందం, తలుపుకు ఆనే రబ్బరు గొట్టం లావు రెండూ సరిపోవాలి. లావైతే తలుపు పడదు, సన్నమైతే హైవే మీద ఈల వేస్తుంది. కొనేటప్పుడు పాతది బెత్తెడు ముక్క పట్టుకెళ్లండి.

అపోహ: గమ్ పూస్తే గట్టిగా ఉంటుంది.

వాస్తవం: రేకు అంచుకు నొక్కి బిగించే రకానికి గమ్ అక్కర్లేదు, లోపలున్న లోహపు పళ్లే రేకును పట్టుకుంటాయి. ఊడిపోతోందంటే ఆ పళ్లు విచ్చుకున్నాయి, లేదా అంచు తుప్పు పట్టింది. తుప్పు గీకి, ప్రైమర్, పెయింటు వేసి, పూర్తిగా ఆరాకే కొత్తది ఎక్కించాలి. రబ్బరు రెండు కొసలూ కలిసే అతుకు కిందవైపు రానివ్వాలి. ఎక్కించేటప్పుడు లాగకూడదు. ముఖ్యంగా మూలల దగ్గర కాస్త వదులిచ్చి లోపలికి నెట్టాలి. లాగి బిగిస్తే రబ్బరు కొన్నాళ్లకు వెనక్కి ముడుచుకుని, అతుకు దగ్గర వేలు పట్టేంత సందు వస్తుంది.

గొట్టానికి అక్కడక్కడా చిన్న రంధ్రాలుంటాయి. అవి గాలి పోవడానికి. కొత్తగా పనిలో చేరిన ఒక కుర్రాడు అవి లోపమనుకుని సిలికాన్‌తో పూడ్చేశాడు. గాలి ఇరుక్కుని తలుపు ఎంత కొట్టినా పడలేదు. ఆ కుర్రాడిని నేనే.

అపోహ: కొత్త రబ్బరు వేశాక తలుపు బిగుతుగా పడితే పని చెడినట్టే.

వాస్తవం: రబ్బరు అణగడానికి కొన్ని రోజులు పడుతుంది. టెన్షన్ వద్దు. అన్నాళ్లూ ఒక అద్దం కాస్త దించి తలుపు వేయండి.

అపోహ: కొబ్బరినూనె, వ్యాజిలిన్, గ్రీజు రాస్తే రబ్బరు మెత్తబడి ఎక్కువ కాలం వస్తుంది.

వాస్తవం: ఇప్పటి బీడింగులు ఎక్కువగా ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరువి. ఎండకు బాగా తట్టుకుంటాయి, పెట్రోలియం నూనెలకే లొంగిపోతాయి. వ్యాజిలిన్, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. కొబ్బరినూనె రాస్తే ఊళ్లో దుమ్మంతా దానికే అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు వేలికి అంటీ అంటనట్టు తీసుకుని పలుచగా రాయండి.