జర్క్ కొట్టగానే గేర్‌బాక్స్ పోయినట్టేనా? ఆటోమేటిక్ కార్ల అపోహలు - వాస్తవాలు

మొన్నామధ్య రాత్రి పదకొండున్నరకు ఫోన్. డల్లాస్ నుంచి. "అన్నా, నాన్నగారి కారు గేర్‌బాక్స్ పోయిందట. మొత్తం మార్చాలంటున్నారు. లక్షా పాతిక వేలట. నిజమేనా?" ఆ గొంతులో కంగారు వింటే కారు సంగతి కాదు, నాన్నగారి గుండె సంగతి అడుగుతున్నాడేమో అనిపించింది. కొని పద్నాలుగు నెలలైన ఏఎంటీ బండి, అంటే క్లచ్, గేర్ల పని యంత్రమే చేసే చవక రకం ఆటోమేటిక్. తిరిగింది నాలుగు వేల కిలోమీటర్లు కూడా లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో నాకో చిన్న షెడ్డుంది. గేర్‌బాక్సులే నా పని. ఒకప్పుడు అన్నీ మాన్యువల్ బండ్లే వచ్చేవి. 2014లో మారుతి సెలేరియో కారుతో ఏఎంటీ మధ్యతరగతికి అందే ధరలోకి వచ్చాక, రోజులు గడిచేకొద్దీ నా షెడ్డు కూడా మారిపోయింది. ఇప్పుడు వచ్చే బండ్లలో ఎక్కువ ఆటోమేటిక్‌లే. వాటితో పాటు వచ్చే మాట మాత్రం ఎప్పుడూ ఒక్కటే: "జర్క్ కొడుతోంది, గేర్‌బాక్స్ పోయిందంట."

ఆ "అంట" ఎవరు అన్నదో అడిగితే సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. బావమరిది, పక్కింటాయన, వాట్సాప్ గ్రూపు. జనం జేబుకు అన్నిటికంటే పెద్ద చిల్లు పెట్టే అపోహ ఇదే కాబట్టి ముందు దీని పని పడదాం.

అపోహ: గేర్లు మారేటప్పుడు కుదుపు వస్తే గేర్‌బాక్స్ పోయినట్టే, విప్పాల్సిందే.

వాస్తవం: కొత్త బండిలో నేను చివరగా అనుమానించేది గేర్‌బాక్స్‌నే. ఆటోమేటిక్‌లో గేరు ఎప్పుడు మార్చాలో నిర్ణయించేది ఒక కంప్యూటర్. ఇంజిన్ ఎంత తిరుగుతోంది, చక్రాల వేగమెంత, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, బ్రేక్ మీద కాలుందా లేదా, ఆయిల్ ఎంత వేడిగా ఉంది, బ్యాటరీలో ఓల్టేజీ ఎంత, ఇవన్నీ చూసుకుని అది నిర్ణయం తీసుకుంటుంది. వీటిలో ఒక్క సెన్సర్ తప్పుడు కబురు పంపినా గేరు తప్పు సమయంలో పడుతుంది. కుదుపు మీకు తెలిసేది గేర్ల దగ్గరే కాబట్టి నింద దాని మీద పడుతుంది.

డల్లాస్ అబ్బాయి నాన్నగారు బడి మాస్టారు. గుడివాడ నుంచి ఆయన బండిని ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తం పైకెక్కించుకునే లారీ) మీద తెప్పించాను. డ్యాష్‌బోర్డ్ మీద "ఎన్" (న్యూట్రల్) ఆరుతూ వెలుగుతూ ఉంది, డిలో (డ్రైవ్) వేస్తే ఒకసారి పడుతోంది, ఒకసారి పడట్లేదు. పడినప్పుడు ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు వెనక నుంచి ఎవరో గుద్దినట్టు కుదుపు. విప్పడానికి ముందు చేసే మొదటి పని బ్యాటరీకి మీటర్ పెట్టడం. 11.8 ఓల్టులు చూపించింది. బాగున్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడితే ఎనిమిదికి పడిపోయింది. బండి కంప్యూటర్‌లోని తప్పుల జాబితా చదివే స్కానర్ పెడితే రెండు కోడ్‌లు వచ్చాయి: పి 0562, అంటే ఓల్టేజీ తక్కువగా ఉందని. పి 0700, అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ "నాకేదో ఇబ్బందిగా ఉంది, చూడండి" అని చెప్పడం. ఈ రెండోది ఒక్కటీ చూసి "గేర్‌బాక్స్ కోడ్ వచ్చింది" అని ఎస్టిమేట్ రాసేవాళ్లున్నారు. ఆ కోడ్ జబ్బు పేరు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లమన్న చీటీ, అంతే.

ఏఎంటీ అంటే లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మీ కాలు చేసే క్లచ్ పని, చెయ్యి చేసే గేరు పని ఒక యంత్రం చేస్తుంది. చాలా బండ్లలో అది చిన్న కరెంటు పంపుతో ఆయిల్ ప్రెషర్ పెంచుకుని నడుస్తుంది. కొన్నిటిలో డ్రైవర్ డోర్ తీయగానే "గుయ్" మని వినిపించేది ఆ పంపే. (ఆ శబ్దమే పెద్ద రిపేరు అనుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు, పాపం.) కరెంటు నీరసంగా ఉంటే పంపుకు ప్రెషర్ రాదు, క్లచ్ సరిగ్గా విడవదు, గేరు గుద్దుకుంటూ పడుతుంది.

బ్యాటరీ మార్చి, కోడ్‌లు చెరిపి, స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ చేశాం, అంటే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాం. ఖర్చంతా కలిపి ఆరు వేల లోపు. మాస్టారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే టార్చిలైట్లో సెల్స్ అయిపోతే లైటే పారేయమన్నారన్నమాట!" అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి కదా, నేను గంట చెప్పింది ఒక్క ముక్కలో తేల్చేశారు.

బ్యాటరీ ఒక్కటే కాదు. ఎర్త్ వైరు తుప్పు పట్టడం, బ్రేక్ స్విచ్ పోవడం, ఇంజిన్‌కు గాలి వదిలే థ్రాటిల్ బాడీలో మసి, వీల్ స్పీడ్ సెన్సర్, ఎలుక కొరికిన వైరు, ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగ్ విరగడం: ఇవన్నీ గేర్‌బాక్స్ వేషం వేసుకుని వస్తాయి.

మౌంటింగ్ సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే. కొత్తలో ఒక బండి వచ్చింది, పి (పార్కింగ్) నుంచి డిలోకి వేస్తే "ధడ్" మంటోంది. నేను ఆవేశపడి గేర్‌బాక్స్‌లో ఆయిల్ ప్రెషర్‌ను పంచే వాల్వ్ బాడీ దించేశాను. రెండు రోజుల పని. అంతా శుభ్రం చేసి బిగించి, కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తే మళ్లీ అదే "ధడ్". మా పెద్ద మేస్త్రి టీ గ్లాసుతో వచ్చి, బానెట్ తెరిపించి, కుర్రాణ్ణి బ్రేక్ తొక్కి డి, ఆర్ (రివర్స్) మార్చమన్నాడు. ఇంజిన్ జానెడు ఎగిరింది. మౌంటింగ్ రబ్బరు చిరిగిపోయి ఉంది. ఆయన నన్నేమీ తిట్టలేదు. గ్లాసు నా చేతికిచ్చి, కడిగి తీసుకురమ్మన్నాడు. ఆ రెండు రోజుల కూలి కస్టమర్ దగ్గర తీసుకోలేదు. అలా తీసుకోకుండా ఉండే షెడ్డు దొరుకుతుందని మాత్రం మీరు అనుకోకండి.

కాబట్టి వారంటీలో ఉన్న బండిని బయట ఎవరితోనూ విప్పించకండి. నాతో కూడా. సీలు ఊడిందంటే "బయట పని చేయించారు" అని వారంటీ ఎగ్గొట్టడానికి కంపెనీకి దారి మీరే చూపించినట్టు. కుదుపు ఎప్పుడొస్తోందో కాగితం మీద రాసుకోండి: పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, అరగంట ట్రాఫిక్‌లో వేడెక్కాకా? ఏ గేరు నుంచి ఏ గేరుకి? వేగం పెరిగేటప్పుడా, బ్రేక్ వేసి ఆగేటప్పుడా? పక్క సీట్లో వాళ్లతో మీటర్ కనబడేలా వీడియో తీయించండి. సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు మీద "జనరల్ చెకప్" అని రాస్తే ఊరుకోవద్దు. మీరు చెప్పిన మాటలే రాయించండి. అక్కడి టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి, ఎందుకంటే వాళ్లు నడిపితే ఆ కుదుపు సిగ్గుపడి దాక్కుంటుంది. ఇంకో మాట: బ్యాటరీ టెర్మినల్ ఊడదీయకముందే కోడ్‌లు తీయించి ఫోటో తీసుకోండి. ఊడదీస్తే కొన్ని బండ్లలో సాక్ష్యం చెరిగిపోతుంది. చాలాసార్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తోనే పని అయిపోతుంది.

అలాగని "కొత్త బండి కదా, అదే సర్దుకుంటుంది" అని వదిలేయడమూ తప్పే. అమెరికాలో ఫోర్డ్ 2011 ఫియస్టా, 2012 ఫోకస్‌లతో తెచ్చిన డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే ఆటోమేటిక్) వణుకు గురించి ఓనర్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. లోపలి సీలు నుంచి ఆయిల్ కారి, పొడిగా ఉండాల్సిన క్లచ్ మీద పడటం దానికి ఒక కారణం. కంపెనీ ఆ భాగాలకు వారంటీ పెంచింది, 2020లో కోర్టులో సెటిల్మెంట్ దాకా వెళ్లింది. చైనాలో 2013లో ఫోక్స్‌వ్యాగన్ తన డీఎస్‌జీ (డీసీటీకి ఆ కంపెనీ పెట్టుకున్న పేరు) గేర్‌బాక్సుల కోసం 3,84,181 కార్లు వెనక్కి పిలిచింది. ఫిర్యాదు చేసినవాళ్లు చాదస్తులేం కాదు.

నిజంగా భయపడాల్సినవి ఇవి: ఇంజిన్ రేస్ అవుతుంది కానీ బండి లాగదు, డి వేశాక రెండు మూడు సెకన్లకు గానీ పట్టుకోదు, ఆయిల్ మాడిన వాసన, బండి ఒకే గేర్లో ఇరుక్కుని కదలడం. వీటిలో ఏది కనిపించినా "ఇంటిదాకా నడిపేద్దాం" అనుకోకండి. టోయింగ్ కూడా తాడు కట్టి కాదు. చాలా ఆటోమేటిక్‌లలో లోపలి ఆయిల్ పంపు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతుంది. ఇంజిన్ ఆపి చక్రాలు దొర్లిస్తే లోపలి భాగాలు ఆయిల్ లేకుండా అరుగుతాయి. ఫ్లాట్‌బెడ్ పిలవండి.

అపోహ: ఆటోమేటిక్‌లన్నీ ఒకటే.

కాదు. టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తి అందించేది), సీవీటీ (మెట్టు మెట్టు గేర్లు లేకుండా బెల్టు, పుల్లీలతో నడిచేది), డీసీటీ, ఏఎంటీ నాలుగూ నాలుగు రకాల జంతువులు. ఏఎంటీ గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగడం రోగం కాదు, దాని నడకే అంత. సీవీటీలో గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, బండి నెమ్మదిగా అందుకుంటుంది, అదీ రోగం కాదు.

ఈ తేడా తెలియక జనం క్లచ్‌లు మాడ్చుకునేది తిరుమల ఘాట్‌లో. పైకెళ్లే రెండో ఘాట్ రోడ్డులో బండ్లు ఆగినప్పుడు బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి బండిని ఏటవాలులో నిలబెడతారు. ఏఎంటీలో, డ్రై క్లచ్ డీసీటీలో ఇది మాన్యువల్ బండిలో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టడంతో సమానం. పది నిమిషాలు చాలు, వాసన వస్తుంది. దర్శనం చేసుకుని వచ్చి నేరుగా నా దగ్గరికి వచ్చిన కుటుంబం ఒకటుంది, లడ్డూ కూడా నాకే పెట్టారు. ఆగినప్పుడు బ్రేక్ పూర్తిగా తొక్కండి. సగం బ్రేక్ మీద అంగుళం అంగుళం పాకించకండి, ముందు బండి పది అడుగులు కదిలాక ఒకేసారి కదలండి.

మిగతావి గబగబా.

"గేర్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు." ఎవరి జీవితం? గేర్‌బాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మీ బండి పుస్తకం చూడండి. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే మాత్రం దేవుడే దిక్కు.

"దిగుడులో న్యూట్రల్‌లో వేస్తే పెట్రోలు మిగులుతుంది." మిగలదు. గేర్లో ఉండి కాలు తీస్తే ఇప్పటి ఇంజిన్లు పెట్రోలు ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజిన్ బ్రేకింగ్ కూడా పోతుంది.

"పి వేస్తే హ్యాండ్ బ్రేక్ అక్కర్లేదు." ఏటవాలులో బండి బరువంతా లోపల వేలెడు కొక్కెం మీద పడుతుంది. పొద్దున పి తీస్తుంటే "టక్" మన్నది అదే. ముందు ఎన్, హ్యాండ్ బ్రేక్, కాలు బ్రేక్ వదలడం, ఆ తర్వాత పి.

సెకండ్ హ్యాండ్‌లో "దాదాపు కొత్తది" కొనేవాళ్లు జాగ్రత్త. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక, నీళ్లలో ఉన్న బండ్లు కడిగి పాలిష్ పట్టి ఎక్కడెక్కడికో వెళ్లాయి. గేర్‌బాక్స్‌కు గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది, నీళ్లు అక్కడి నుంచి పోతాయి. ఒక కుర్రాడు తెచ్చిన బండిలో ఆయిల్ దించితే అచ్చం రాజమండ్రి రోజ్‌మిల్క్. ఎర్ర ఏటీఎఫ్‌లో నీళ్లు కలిస్తే అదే రంగు. ఆ ఒక్క బండికి మాత్రం "గేర్‌బాక్స్ పోయింది బాబూ" అని నేనే చెప్పాల్సి వచ్చింది.

డల్లాస్ అబ్బాయి మళ్లీ ఫోన్ చేశాడు. "వారానికి రెండు మూడు సార్లైనా బండి తీయమని నాన్నగారికి మీరే చెప్పండన్నా, నా మాట వినరు. బ్యాటరీ మళ్లీ పడిపోతుంది." చెప్పాను. మాస్టారు ఇప్పుడు రెండు రోజులకోసారి ఇంటావిడను ఎక్కించుకుని పామర్రు దాకా వెళ్లి టీ తాగి వస్తున్నారట. పెట్రోలు బిల్లు ఫోటో మాత్రం తప్పకుండా కొడుక్కి పంపిస్తున్నారు.