ఫార్మాట్ కొడితే హార్డ్‌డిస్క్ బాగుపడుతుందా?

కంప్యూటర్ నెమ్మదించిందని చెప్పి చూడండి, ఎవరైనా ఇచ్చే సలహా ఒక్కటే: ఫార్మాట్ కొట్టించు. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా, అందుకే ఆ మాటకి అంత పరపతి. ఏళ్ల తరబడి పోగైన చెత్త, గడువు తీరిన యాంటీవైరస్‌లు, ఆన్ చేయగానే మన అనుమతి లేకుండా లేచి కూర్చునే ప్రోగ్రాములు అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. కానీ లోపల ఉన్నది తిరిగే పాత హార్డ్‌డిస్క్ అయి, నెమ్మదించింది విండోస్ వల్ల కాకుండా ఆ డిస్క్ వల్లే అయితే, ఫార్మాట్ కొట్టడమంత తొందరపాటు పని ఇంకోటి లేదు.

ఈ గొడవ ఇప్పుడు మరీ ఎక్కువైంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది, విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉంటేనే రమ్మంటుంది. దాంతో పది పన్నెండేళ్ల నాటి లాప్‌టాప్‌లు బీరువాల్లోంచి బయటికొస్తున్నాయి, పిల్లలకి పనికొస్తుంది కదా అని కొందరు లినక్స్ ఎక్కిస్తున్నారు, కొందరు పాత విండోసే మళ్లీ వేస్తున్నారు. వాటిలో చాలావాటిలో ఉన్నది 500 జీబీ హార్డ్‌డిస్క్.

ఇన్‌స్టాలేషన్ మొదలవుతుంది. పాత పార్టిషన్ డిలీట్ చేసి కొత్తది చేస్తారు, ఫైళ్లు కాపీ అవుతుంటాయి, ఏదో ఒక శాతం దగ్గర అంకె కదలడం మానేస్తుంది. డిస్క్ లైటు మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. చెవి దగ్గర పెట్టి వింటే లోపల ఒకే రకం గిరగిర మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. కాసేపటికి రెండు శాతం ముందుకెళ్తుంది, లేదంటే ఫైలు పాడైంది లేదా కనిపించలేదు అంటూ చివర 80070570 ఉన్న ఎర్రర్ కోడ్ పడేసి చేతులెత్తేస్తుంది. పెన్‌డ్రైవ్ బాగా లేదేమో అని ఇంకోటి తెస్తారు, మళ్లీ అదే కథ.

ఆ ఆగిపోయిన నిమిషాల్లో లోపల ఏం జరుగుతోందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

డిస్క్ డేటాని సెక్టార్లు అనే చిన్న చిన్న గళ్లలో దాస్తుంది, 500 జీబీ డిస్క్ అంటే 512 బైట్ల సెక్టార్లు 97,67,73,168. మామూలు లాప్‌టాప్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 90 చుట్లు, ఒక్కో చుట్టుకి సుమారు 11 మిల్లీసెకన్లు. చదివే హెడ్, డేటా రాసి ఉండే ఆ తిరిగే పళ్లెం మీద ఆనకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మన వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు ఉంటుంది కాబట్టి ఆ సందు ఎంత సన్ననిదో మీరే ఊహించుకోండి. అయస్కాంత గుర్తుల నుంచి హెడ్‌కి అందే సంకేతం ఎప్పుడూ శుభ్రంగా ఉండదు, కొత్త డిస్క్‌లో కూడా ఉండదు. అందుకే ప్రతి సెక్టార్‌లో డేటాతో పాటు తప్పుల్ని దిద్దే కోడ్ కూడా రాసి ఉంటుంది, చదివినప్పుడు కొన్ని బిట్లు తేడాగా వచ్చినా డిస్క్ లెక్కగట్టి సరిచేసేసి మనకి సరైనదే ఇస్తుంది. అంటే బాగున్న డిస్క్ కూడా రోజూ తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ బతుకుతుందన్నమాట. వయసు పైబడ్డాక తప్పులు పెరుగుతాయి, ఒక్కో సెక్టార్ దగ్గర ఆ కోడ్ సరిపోదు.

అప్పుడు డిస్క్ వెంటనే ఓటమి ఒప్పుకోదు. పళ్లెం ఇంకో చుట్టు తిరిగేదాకా ఆగి మళ్లీ చదువుతుంది. హెడ్‌ని ఒక పిసరు అటు జరిపి చదువుతుంది, ఇటు జరిపి చదువుతుంది. ఒక్కో ప్రయత్నం 11 మిల్లీసెకన్లే కానీ అలాంటివి వందల్లో చేస్తే సెకన్లు గడిచిపోతాయి, పక్కపక్కనే పాతిక సెక్టార్లు అలాగే ఉంటే నిమిషాలు. సర్వర్లకీ, చాలా డిస్క్‌లు జట్టుగా పనిచేసే రైడ్ పెట్టెలకీ అమ్మే డిస్క్‌లు ఏడు సెకన్ల దగ్గరలో ఆపేసి చదవలేకపోయానని చెప్పేస్తాయి, అక్కడ అదే డేటా మరో డిస్క్ సాయంతో దొరుకుతుంది కాబట్టి. మన ఇంట్లో డిస్క్‌కి అలాంటి తోడు లేదు, అందుకని మొండిగా పట్టుకుని కూర్చుంటుంది, విండోస్ దాని కోసం ఎదురు చూస్తుంది, మనం విండోస్‌ని తిడతాం. పాత విండోస్ ఇంకా తెరుచుకుంటుంటే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ చూడండి, డిస్క్ పేరు మీద 7 లేదా 153 నంబర్ ఈవెంట్లు వరసగా ఉంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు.

ఇక అసలు విషయం. చదవలేకపోయిన సెక్టార్‌ని డిస్క్ వెంటనే పక్కన పెట్టేయదు. ఇది అనుమానం అని ఒక పద్దులో రాసుకుని ఊరుకుంటుంది, ఎందుకంటే అందులో మీ డేటా ఉంది, రేపో మాపో ఒకసారి సరిగ్గా చదవగలిగే అవకాశమూ ఉంది. ఎప్పుడైతే ఆ సెక్టార్ మీద కొత్తగా ఏదైనా రాయమని ఆర్డర్ వస్తుందో, పాత డేటా ఇక అక్కర్లేదని దానికి అర్థమవుతుంది. రాసి చూస్తుంది. నిలబడితే అనుమానం కొట్టేస్తుంది, నిలబడకపోతే అదనంగా దాచిపెట్టిన సెక్టార్లలో ఒకదానికి ఆ నంబర్ ఇచ్చేస్తుంది. ఇంటి నంబరు అదే, ఇల్లు మాత్రం ఊరి చివరికి మారిపోయినట్టు. విండోస్‌కి ఈ సంగతి తెలియనే తెలియదు.

ఇప్పుడు ఆలోచించండి, విండోస్ మళ్లీ వేయడం అంటే ఏంటి? పదిహేను ఇరవై జీబీ కొత్తగా రాయడం. అంటే డిస్క్ తన లెక్కలు సరిచేసుకోవడానికి మనం అవకాశం ఇస్తున్నాం, అదే దెబ్బతో ఆ అనుమానపు సెక్టార్లలో ఉన్న పాత ఫోటో ముక్కని శాశ్వతంగా చెరిపేస్తున్నాం. ఓపికగా యాభైసార్లు అడిగితే దొరికేదేమో, ఒక్కసారి రాశాక ఎవరి వల్లా కాదు. డిస్క్‌కి మేలు చేసే పనీ డేటాని చంపే పనీ ఒకటే కావడం ఇక్కడి చిక్కు. అందుకే వరస ముఖ్యం: ముందు కాపీ, తర్వాత పరీక్ష, ఆ తర్వాతే ఇన్‌స్టాలేషన్. మన దగ్గర మాత్రం దీన్ని తలకిందులుగా చేయడమే అలవాటు.

క్విక్ ఫార్మాట్ విషయంలో కూడా ఒక అపోహ ఉంది. అది ఫైల్ సిస్టమ్ పట్టికలు కొత్తగా రాసి వదిలేస్తుంది, మిగతా డిస్క్ జోలికి పోదు, కాబట్టి రెండు సెకన్లలో ఫార్మాట్ అయిపోయింది, డిస్క్ బాగున్నట్టే అనుకోవడానికి వీల్లేదు. ఫుల్ ఫార్మాట్ వేరే. ఎక్స్‌పీ రోజుల్లో అది డిస్క్ మొత్తం చదివి బ్యాడ్ సెక్టార్లు వెతికేదంతే, విస్టా నుంచి మొత్తం సున్నాలు కూడా రాస్తుంది. పాత అలవాటులో ఫుల్ ఫార్మాట్ కొట్టినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తెచ్చుకోవచ్చులే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ ధీమా విస్టాతోనే పోయింది.

డిస్క్ తన అనుమానాల పద్దు దాచుకోదు, అడిగితే చూపిస్తుంది. దాన్నే స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఉచితంగా దొరుకుతుంది. విండోస్ తెరుచుకోకపోతే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అన్నది నొక్కి, డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరిచినా చాలు. పొడుగు జాబితా చూసి టెన్షన్ పడక్కర్లేదు, చూడాల్సినవి ఈ నాలుగు నంబర్ల వరసలే. 05 అంటే ఇప్పటికే ఊరి చివరికి పంపేసినవి. సీ5 అంటే అనుమానంలో ఉన్నవి. సీ6 డిస్క్ తనంతట తాను తనిఖీ చేసుకుంటూ చదవలేకపోయినవి. సీ7 గురించి తర్వాత చెప్తాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మామూలుగా రా వాల్యూని, అంటే అసలు లెక్క ఉండే అంకెని, పదహారు ఆధారం లెక్కలో చూపిస్తుంది, అందులో 10 అని ఉంటే పది కాదు, పదహారు. సీగేట్ డిస్క్‌లలో మొదటి వరసలో ఉండే రీడ్ ఎర్రర్ రేట్ కోట్లలో కనిపించి గుండె ఆగినంత పని చేస్తుంది, అది ఎర్రర్ల లెక్కనీ చదివిన సెక్టార్ల లెక్కనీ కలిపి కుక్కిన అంకె, పట్టించుకోకండి.

ఇక్కడ కాస్త ఆగి చూడాల్సింది 05, సీ5ల మధ్య కథ. ఇన్‌స్టాలేషన్‌కి ముందు సీ5 పదహారు ఉంది, అయ్యాక సున్నా అయింది, 05 కూడా సున్నాయే. అంటే ఆ పదహారు చోట్లా కొత్త రాత నిలబడింది, పళ్లెం బాగానే ఉంది, పాత రాతే చెడిపోయింది. ఇదెలా జరుగుతుంది? సెక్టార్ సగం రాస్తుండగా కరెంట్ పోతే డేటాకీ దాని కోడ్‌కీ పొంతన కుదరదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్, ఈదురుగాలి వస్తే చాలు కరెంట్ తీసేసే ఊరు, ఈ రెండూ కలిస్తే ఇలాంటి ఉత్తుత్తి బ్యాడ్ సెక్టార్లు పుట్టడం పెద్ద వింతేం కాదు. అలాంటి డిస్క్ ఇంకా చాలా ఏళ్లు నడవచ్చు. అలా కాకుండా సీ5 తగ్గి 05 అంతే పెరిగితే పళ్లెం నిజంగానే దెబ్బతింది. వారం తర్వాత చూస్తే 05 మళ్లీ పెరిగిందా, ఇక దాని మీద ఆశ పెట్టుకోకండి. షాపులో అన్నీ బాగున్నాయి సార్ అన్నప్పుడు అడగాల్సింది ఈ రెండు అంకెలూ, పనికి ముందువీ తర్వాతవీ.

2007లో గూగుల్ ఇంజనీర్లు తమ లక్షకి పైగా డిస్క్‌ల మీద లెక్కలు బయటపెట్టారు. తనని తాను తనిఖీ చేసుకునేటప్పుడు మొదటి తప్పు (స్కాన్ ఎర్రర్) కనిపించిన డిస్క్, అదేమీ లేని డిస్క్‌తో పోలిస్తే, తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువట. ఇది వినగానే స్మార్ట్ మీద గట్టి నమ్మకం కుదురుతుంది, కానీ అదే పత్రంలో ఇంకో మాట ఉంది: చచ్చిపోయిన డిస్క్‌లలో సగానికి పైగా, 56 శాతం, వాళ్లు ముఖ్యమైనవని తేల్చిన నాలుగు స్మార్ట్ గుర్తుల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి. కాబట్టి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పాడైందని ఎరుపు చూపిస్తే నమ్మండి, బాగుందని నీలం చూపిస్తే నమ్మకండి. ఎండాకాలం వేడికే డిస్క్‌లు పోతాయని మనకో గట్టి అభిప్రాయం ఉంది కదా, దానికీ ఆ లెక్కల్లో పెద్దగా మద్దతు దొరకలేదు. మరీ ఎక్కువ వేడిలో, అదీ వయసైన డిస్క్‌లలో మాత్రమే ఆ తేడా కనబడింది.

సరే, సీ5 పెరిగి ఉంది, లోపల డేటా ఉంది. ఏం చేయాలి? ముందు చేయకూడనిది చెప్తాను, విండోస్‌లోని చెక్‌డిస్క్‌ని స్లాష్ ఆర్ పెట్టి (chkdsk /r) నడపకండి. అది ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే పనిముట్టు, మీ ఫోటోలని కాపాడే పనిముట్టు కాదు. డిస్క్ మొత్తం చదివిస్తుంది, తెగిపోయిన లింకులని తన తెలివికొద్దీ మార్చి ఆ మార్పులని అదే జబ్బు డిస్క్ మీద రాస్తుంది. దీనికి సరిగ్గా వ్యతిరేకంగా నడిచేది గ్నూ డీడీరెస్క్యూ, జబ్బు డిస్క్‌ని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసే ప్రోగ్రామ్. తేలిగ్గా వచ్చే ప్రాంతాలన్నీ ముందు కాపీ చేసేస్తుంది, ఎక్కడ తట్టుకుంటే అక్కడి నుంచి దూకి ముందుకెళ్తుంది, ఏది వచ్చింది ఏది రాలేదు అన్నది ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. మొండి ప్రాంతాల దగ్గరికి చివర్లో తిరిగొచ్చి చిన్న చిన్న ముక్కలుగా లాగుతుంది. మధ్యలో కరెంట్ పోయినా ఆ మ్యాప్ ఉంటే ఆగిన చోటి నుంచే మొదలెట్టొచ్చు. కమాండ్‌లో ముందు రాసేది పాత డిస్క్, తర్వాత రాసేది కొత్తది, ఇది తిరగబడితే ఖాళీ డిస్క్ వచ్చి డేటా మీద కూర్చుంటుంది, కాబట్టి ఎంటర్ నొక్కేముందు డిస్క్‌ల సైజులు చూసి మరీ నొక్కండి.

ఇలా డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ (క్లోన్) చేశాక కొత్త డిస్క్‌లో కూడా చెక్‌డిస్క్ బ్యాడ్ సెక్టార్లు చూపిస్తే కంగారు పడొద్దు. పాత విండోస్ తన ఫైల్ సిస్టమ్‌లో ఇక్కడ బాలేదు అని పెట్టుకున్న గుర్తులు క్లోన్‌తో పాటే వచ్చేశాయి. చెక్‌డిస్క్‌కి స్లాష్ బీ ఇస్తే ఆ చోట్లని మళ్లీ పరీక్షిస్తుంది.

టక్ టక్ అని శబ్దం వస్తుంటే మాత్రం పైన చెప్పినవేవీ వద్దు. ఫ్యాక్టరీలో పళ్లెం మీద రాసి పంపిన దారి గుర్తులు హెడ్‌కి దొరకడం లేదు, అందుకని చేయి వెనక్కెళ్లి మళ్లీ మొదటి నుంచి వెతుకుతోంది, ఆ శబ్దం అదే. ఆన్‌లో ఉన్న ప్రతి నిమిషం పళ్లెం గీసుకుపోవచ్చు. ఆపేయండి, డేటా విలువైనది అయితే క్లీన్ రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న రికవరీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా ఎవరైనా చెప్తే వినకండి: డిస్క్ మూత మీద గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని మూయొద్దని పక్కనే రాసి కూడా ఉంటుంది. చల్లబడ్డ డిస్క్ బయటికి తీస్తే లోపలికెళ్లిన తేమ పళ్లెం మీద పేరుకుంటుంది, ఆ నానోమీటర్ల సందులో నీటి పొర ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

అలాగని ప్రతి తప్పూ డిస్క్ మీద తోసేయడమూ అన్యాయం. సీ7 పెరుగుతోందంటే డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ మధ్య దారిలో డేటా చెడుతోందని అర్థం, డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్ మారిస్తే చాలావరకు ఆగిపోతుంది. ఆ అంకె ఎప్పటికీ తగ్గదు, ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. ఎర్రర్ ప్రతిసారీ వేరే శాతం దగ్గర వస్తుంటే ర్యామ్‌ని అనుమానించండి, దాన్ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడపండి. డిస్క్‌లో ఎంబీఆర్ పట్టిక (పార్టిషన్లు రాసుకునే పాత పద్ధతి) ఉంది, ఇక్కడ విండోస్ వేయలేను అని ఇన్‌స్టాలర్ అంటే అది జబ్బే కాదు, బయోస్ సెట్టింగ్‌కీ పార్టిషన్ పద్ధతికీ పొత్తు కుదరలేదంతే.

నా మట్టుకు 05 పెరుగుతున్న డిస్క్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ వేయడం టైమ్ దండగ. లాప్‌టాప్ అయితే అదే జాగాలో, అదే సాటా సాకెట్‌లో ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని డిస్క్, కూర్చుంటుంది. పాత డిస్క్‌లు చాలావరకు 9.5 మిల్లీమీటర్ల మందం, ఎస్‌ఎస్‌డీలు 7, కాబట్టి వదులుగా ఊగకుండా సన్నని స్పేసర్ ఒకటి పెట్టాలి. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేస్‌లో వేసి సినిమాలకి వాడుకుంటానంటే వాడుకోండి, పోయినా పర్లేదు అనుకున్నవే పెట్టండి.

తీసి పారేసేటట్టయితే ఒక్క సంగతి. మొత్తం సున్నాలతో నింపేసినా, ఊరి చివరికి మార్చేసిన ఆ పాత సెక్టార్ల మీద మామూలు రాత పడదు, వాటిలో ఏముందో అదే ఉండిపోతుంది. బ్యాంకు కాగితాలు, ఆధార్ స్కాన్‌లు ఉన్న డిస్క్ అయితే స్క్రాప్‌కి ఇచ్చేముందు పళ్లెం పగలగొట్టేయడం మేలు. లాప్‌టాప్ డిస్క్‌లలో పళ్లెం ఎక్కువగా గాజుదే, సుత్తి తగలగానే రవ్వలు ఎగురుతాయి, మందపాటి గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి.